చిరునామా లేని ఇల్లు: ఏఐ పటాలతో తొలి అడుగులు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. ఆ తరవాతి వారం మేము కొందరం బియ్యం, కందిపప్పు, కొవ్వొత్తులు, దుప్పట్లు ఒక వ్యానులో వేసుకుని అనకాపల్లి నుంచి తీరం వైపు బయల్దేరాం. దారిపొడుగునా పడిపోయిన చెట్లు ఇంకా తీయలేదు. వ్యాను వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి ఆగాం. అక్కడున్నవాళ్ళకి పంచాం. సాయంత్రానికి తృప్తిగా ఇంటికి చేరాం. అదే కూడలిలో మాకంటే ముందు రెండు వ్యాన్లు, మా తరవాత ఇంకొకటి ఆగి పంచాయని ఆనక తెలిసింది. కాస్త ఎడంగా జీడితోటల వెనక ఉన్న పేటకి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. ఈ సంగతి చెప్పింది మా బడి పిల్లవాడు, వాడి మేనమామ ఇల్లు ఆ పేటలోనే. "ఆ ఊరు రోడ్డు మీంచి కనబడదు కదా మేస్టారూ" అన్నాడు.

సహాయం చేసేవాళ్ళలో అన్యాయం చేద్దామనుకునేవాళ్ళు నాకు కనబడలేదు. అయినా అన్యాయం జరుగుతూనే ఉంటుంది. రంజాను కిట్లకైనా, విద్యార్థుల ఫీజులకైనా, వితంతువుల నెలసరి సాయానికైనా పేర్ల జాబితా రాసేది మనకి తెలిసినవాళ్ళు. వాళ్ళు రాసేది వాళ్ళకి తెలిసిన ఇళ్ళు. అందుకే ఒక వీధిలో నాలుగు ఇళ్ళకి నాలుగు సంస్థల సాయం అందుతుంది, పక్క ఊళ్ళో ఒక్క ఇంటికీ అందదు. కాగితం మీద జాబితా చూస్తే ఇది తెలియదు. పేర్లు వరసగా, ముద్దుగా ఉంటాయి. అవే పేర్లను పటం మీద చుక్కలుగా పెడితే, చుక్కలు లేని జాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దాతలైన మీకు ఈ పనిముట్టు గురించి చెప్పాలనుకున్నది ఆ ఖాళీ జాగా కోసమే.

పటం గీయడం మనకి కొత్త కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచేసింది. ఆ తరవాత 1912 నుంచి 1915 వరకు లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో ఆ నగరాన్ని ఇల్లిల్లూ సందుసందూ కొలిచి పటాలు గీశారు. చరిత్రకారులు ఇవాళ్టికీ వాటిని తీసి చూస్తుంటారు. అంత పని అప్పట్లో నిజాం ప్రభుత్వం పూనుకుంటేనే జరిగింది. 2009లో ఇస్రో భువన్ అనే వెబ్ పటాన్ని అందరికీ తెరిచింది, దాన్ని నడిపే కేంద్రం హైదరాబాదులోనే ఉంది. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైనప్పుడు పొలాల మీద డ్రోన్లు తిరగడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడు ఒక ల్యాప్‌టాప్, ఒక ఫోను ఉంటే మండలం మొత్తం పటాన్ని మన ఇంటి బల్ల మీదే పెట్టుకోవచ్చు.

నేను వాడేది క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్. 2002లో గ్యారీ షెర్మన్ అనే ఆయన మొదలుపెట్టాడు, ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు నడుపుతున్నారు. పైసా ఖర్చు లేదు. ఇందులో పటం పొరలు పొరలుగా ఉంటుంది. గాజు పలకల మీద వేర్వేరు బొమ్మలు గీసి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు అనుకోండి. ఒక పలక మీద రోడ్లు, ఇంకో పలక మీద శారదా నది, మరో పలక మీద బడులు, మసీదులు, ఆసుపత్రులు, అన్నిటికన్నా పైన మన చుక్కలు. ఏ పలక కావాలంటే అది తీయొచ్చు, పెట్టొచ్చు.

కృత్రిమ మేధ, అంటే ఏఐ, ఇందులో రెండుచోట్ల పనికొస్తుంది. మొదటిది ఇళ్ళను గుర్తుపట్టడం. గూగుల్ వాళ్ళు ఓపెన్ బిల్డింగ్స్ పేరుతో ఒక సమాచార నిధిని ఉచితంగా పెట్టారు. ఉపగ్రహ చిత్రాలు చూసి యంత్రమే ఒక్కొక్క కట్టడం చుట్టూ గీత గీసింది. మొదట ఆఫ్రికాకే ఉండేది. 2023లో వచ్చిన మూడో విడతలో మన దక్షిణాసియా కూడా ఉంది, మొత్తం 180 కోట్ల కట్టడాలు. ప్రతి కట్టడానికీ అది ఎక్కడుంది, ఎన్ని చదరపు మీటర్లు, ఇది కట్టడమేనని యంత్రానికి ఎంత నమ్మకం అనే అంకెలు ఉంటాయి. ఈ నమ్మకం అంకె 0.65 నుంచి 1 వరకు. తక్కువ ఉన్నవాటిని మనం వెళ్ళి చూడాలన్నమాట. ఆ ఇంట్లో ఎవరున్నారో, అసలు అది ఇల్లో గోదామో, ఆ సంగతి మాత్రం అందులో ఉండదు.

రెండోది, మన ప్రశ్నని యంత్రానికి అర్థమయ్యే పనిగా మార్చడం. "కిట్లు పంచే చోటుకి కిలోమీటరు దాటి ఉన్న ఇళ్ళు ఏవి?" అని చాట్‌బాట్‌ని తెలుగులోనే అడిగితే, క్యూజీఐఎస్‌లో ఏ మెనూ నొక్కాలి, ఏ ఫార్ములా రాయాలి అన్నది వరసగా చెబుతుంది. యాభై దాటాక కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం ఎంత విసుగో నాకు తెలుసు. విసుక్కోకుండా పదిసార్లు చెప్పే ఈ గురువు నిజంగా అక్కరకొచ్చింది.

మొదలుపెట్టడం ఇలా. ఎక్సెల్ పట్టికలో మూడు నిలువు వరసలు చాలు: ఒక నంబరు, అక్షాంశం, రేఖాంశం. పేరు అక్కర్లేదు. ఎందుకో తరవాత చెబుతాను. ఇంటి ముందు నిలబడి ఫోనులో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఆ చోట కాసేపు వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. అనకాపల్లి పట్టణానికి అవి సుమారుగా 17.69, 83.00. దశాంశ బిందువు తరవాత నాలుగు స్థానాలు రాసుకుంటే చుక్క పది మీటర్లు అటూ ఇటూగా పడుతుంది, మన పనికి అది చాలు. "నూకాలమ్మ గుడి వెనక రెండో సందు, వేపచెట్టు ఇల్లు" అని రాసుకునే చిరునామాల ఊళ్ళలో ఈ అంకెలే అసలు చిరునామా. పట్టికను సీఎస్‌వీగా దాచి, క్యూజీఐఎస్‌లో లేయర్ మెనూలోని యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ ద్వారా తెరవాలి.

నేను మొదటిసారి తెరిచినప్పుడు మన జిల్లాలో ఒక్క చుక్కా లేదు. వెతగ్గా వెతగ్గా నార్వేకి ఉత్తరాన, స్వాల్‌బార్డ్ దీవులు కూడా దాటి, ఆర్కిటిక్ సముద్రం మధ్యలో దొరికాయి. గూగుల్ మ్యాప్స్ అక్షాంశాన్ని ముందు ఇస్తుంది, క్యూజీఐఎస్ ఎక్స్ గడిలో రేఖాంశాన్ని ముందు అడుగుతుంది. నేను తిరగేసి పెట్టాను. సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారికి జరిగినందుకు ఇంట్లో పిల్లలు ఇప్పటికీ నవ్వుతుంటారు.

రెండో పొరపాటు కాస్త సూక్ష్మం. ఈ అంకెలు డిగ్రీలు, మనకి కావలసిన దూరం మీటర్లు. డిగ్రీల్లో ఉన్న పొర మీద దూరం కొలిస్తే లెక్క అర్థంపర్థం లేకుండా రావచ్చు. అందుకని ముందు రీప్రాజెక్ట్ లేయర్ అనే పనితో పొరని మీటర్ల కొలతలోకి మార్చాలి. మన ప్రాంతానికి యూటీఎమ్ 44వ జోన్, ఉత్తరం. క్యూజీఐఎస్‌లో దాని నంబరు 32644, రాసి పెట్టుకోండి. చాట్‌బాట్ నాకు తొలిసారి ఈ మెట్టు చెప్పనేలేదు. "ఏ కొలతలో లెక్కిస్తున్నావు?" అని అడిగాకే చెప్పింది.

ఇంకో జాగ్రత్త. ఊరిపేరు చెప్పి అక్షాంశ రేఖాంశాలు దాన్నే అడగొద్దు. కొత్తూరు అంటే శ్రీకాకుళం జిల్లా కొత్తూరా, హైదరాబాదు దగ్గరి కొత్తూరా, మన అనకాపల్లి పక్కనున్న కొత్తూరా? ఎక్కడా తడుముకోకుండా తప్పు అంకె ఇచ్చేస్తుంది.

ఈ రెండూ దాటితే మిగతాది తేలిక. ఇళ్ళ గీతల పొర వేసి, దాని మీద మన చుక్కలు పెట్టి, డిస్టెన్స్ టు నియరెస్ట్ హబ్ అనే పని నడిపితే ప్రతి ఇంటికీ దగ్గరలో ఉన్న పంపిణీ చోటు ఏది, అది ఎంత దూరం అన్నది వస్తుంది. గ్రామాల సరిహద్దుల పొర కూడా ఉంటే, ఏ గ్రామంలో ఎన్ని కట్టడాలు, అందులో మన జాబితాలో ఎన్ని అన్నది కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగాన్ చెబుతుంది. ఇళ్ళు వందల్లో ఉండి మన చుక్కలు సున్నా ఉన్న గ్రామం దగ్గర ఆగి ఆలోచించాలి. అక్కడ నిజంగా అవసరం లేదా? లేక అక్కడ మనకి తెలిసినవాళ్ళు లేరా?

ఆ ప్రశ్నకి జవాబు యంత్రం దగ్గర ఉండదు. దానికి కనబడేది కప్పు మాత్రమే. మన చెరుకు పొలాల్లో బెల్లం వండే పాకల్ని అది ఇళ్ళుగా లెక్కేస్తుంది. కోళ్ళఫారం దానికి పెద్ద భవనం. నాలుగంతస్తుల్లో పదహారు కుటుంబాలున్న అపార్ట్‌మెంటు ఒకే కట్టడం. చెట్టు కిందున్న తాటాకు గుడిసె, అంటే మనకి అన్నిటికంటే ముందు కావలసింది, దాని చూపు దాటిపోవచ్చు. చిత్రం తీసిన తరవాత కట్టుకున్న ఇల్లు అసలే ఉండదు. దూరం సంగతి కూడా అంతే. అది కొలిచేది కాకి ఎగిరే దూరం. ఏటికి అవతల కనబడే ఊరు పటంలో పక్కనే ఉంటుంది, కానీ సంచి మోసుకుని వంతెన చుట్టి రావలసిన ముసలమ్మకి అది పక్క ఊరు కాదు. కాబట్టి యంత్రం చూపించిన ఖాళీలోకి ఎవరో ఒకరు కాలినడకన వెళ్ళాలి.

ఇక పేర్లు ఎందుకు వద్దన్నానో చెబుతాను. మొదట్లో నేను సాధన కోసం ఒక చిన్న పటం చేశాను. నెలసరి సాయం అందుకునే ఇళ్ళు ఎర్ర చుక్కలు, వాటి పక్కన ఇంటిపేర్లు. చూడ్డానికి బాగుంది. ఆ ఉత్సాహంలో దాన్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గ్రూపులో ఉన్నవాళ్ళందరూ మనవాళ్ళే అనుకున్నాను. నాలుగు రోజులయ్యాక ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మధ్యాహ్నం భోజనాల వేళ నా దగ్గరికి వచ్చింది. "మా ఇల్లు ఎర్ర చుక్కంట కదా మేస్టారూ, ఈళ్ళందరూ నన్నలాగే పిలుత్తున్నారు" అంది. ఏడవలేదు. తల వంచుకుని నిలబడింది. వాళ్ళమ్మ ఆ తరవాత రెండు నెలలు సాయం తీసుకోవడానికి రాలేదు. మూడోసారి ఇంటికెళ్ళి బతిమాలితే, "ఫొటోలో పెట్టనంటే వస్తాను" అంది.

గుట్టుగా ఇవ్వాలన్న నియమం మనకి ఎప్పటినుంచో ఉంది. పటం ఆ గుట్టును ఒక్క క్షణంలో రట్టు చేయగలదు. అప్పటినుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. పటం పట్టికలో నంబర్లే ఉంటాయి, నంబరుకి పేరు కలిపే పుస్తకం కాగితం మీద, కార్యదర్శి బీరువాలో ఉంటుంది. చాట్‌బాట్‌కి నా పట్టికని ఎప్పుడూ ఇవ్వను. పది ఉత్తుత్తి వరసలు చేసి వాటి మీద పద్ధతి అడిగి, వచ్చిన పద్ధతిని నా కంప్యూటర్లో అసలు పట్టిక మీద నడుపుకుంటాను. బయటికి చూపే పటంలో ఇళ్ళ చుక్కలు ఉండవు, గ్రామం లేదా వార్డు మొత్తానికి ఒక రంగు మాత్రమే. అయిదు కన్నా తక్కువ ఇళ్ళున్న చోటును పక్క ఊరితో కలిపేస్తాను, లేకపోతే ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటోంది. చట్టం సంగతి అలా ఉంచి, ఇంటి ముందు నిలబడి ఫోనులో చోటు గుర్తించే ముందు "గుర్తించుకోమంటారా అమ్మా?" అని అడగడం మన మర్యాద. వద్దంటే ఆ ఇంటికి చుక్క ఉండదు, సాయం మాత్రం ఆగకూడదు.

దాతలుగా మీరు ఏం చేయొచ్చు? డబ్బు గురించి కాదు. సాఫ్ట్‌వేరూ, ఇళ్ళ సమాచారమూ ఉచితమే, ఉన్న ల్యాప్‌టాప్ చాలు. గూగుల్ ఇళ్ళ ఫైలు మాత్రం బాగా పెద్దది, డిగ్రీ చదివే కుర్రాడినెవరినైనా కూర్చోబెట్టి మన మండలం మేరకి కత్తిరించుకోవాలి. మీరు అడగవలసింది ఒక్క పేజీ. ఏటా ఎన్ని కిట్లు పంచామో సంస్థలు చెబుతూనే ఉంటాయి. ఎక్కడెక్కడ పంచామో, ఎక్కడికి వెళ్ళలేదో రంగుల్లో చూపే పటం కూడా ఒకటి అడగండి. మీ పేరున ఇచ్చింది ఏ ఇంటికి చేరిందో చూపమని మాత్రం అడగొద్దు.

అనకాపల్లి మండలం, దాని చుట్టుపక్కల ఇళ్ళ పొర నా దగ్గర ప్రస్తుతం సిద్ధంగా ఉంది. చుక్క పడని గ్రామాలను కాగితం మీద గుర్తు పెట్టాను. ఇక వాటికి నడిచి వెళ్ళాలి. ఆదివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే రెండు ఊళ్ళు చూసి రావచ్చు. ఇద్దరం కలిసి వెళ్తే మంచిది. ఆడవాళ్ళు తోడుంటే ఇంకా మంచిది, ఇంటి పరిస్థితి వాళ్ళకి చెప్పినట్టు మాకు చెప్పరు. ఫోనులో చార్జింగ్ నిండుగా ఉంచుకుని, ఒక నీళ్ళ సీసా తెచ్చుకోండి.