కోడింగ్ వచ్చినా ఇంటర్వ్యూ ఎందుకు పోతుంది?

"అమ్మీ, జవాబు నాకు తెలుసు. వాళ్లు చూస్తూ ఉంటే కాళ్లూ చేతులూ ఆడలేదు." ఇంటర్వ్యూ నుంచి వచ్చిన కూతురు ఇలా అంటే 'సరిగ్గా ప్రిపేర్ కాలేదేమో' అనుకుంటాం. కానీ లోపం ఆ ఇంటర్వ్యూలోనే ఉండొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో చాలాచోట్ల ఒక ప్రాబ్లమ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఆలోచన పైకి చెబుతూ కోడ్ రాయమంటారు. ఉద్యోగంలో చేరాక రోజూ అలా ఎవరు పనిచేస్తారు?

అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2020లో ఈ విషయం మీద అధ్యయనం ప్రచురించారు. 48 మంది విద్యార్థుల్లో కొందరు పరిశీలకుడి ముందు మాట్లాడుతూ ప్రాబ్లమ్ చేశారు. మిగతావాళ్లు గదిలో ఒంటరిగా చేశారు. ఎదురుగా మనిషి ఉన్నవాళ్ల ఫలితం సగానికి పైగా పడిపోయింది. అమ్మాయిల్లో అయితే పరిశీలకుడి ముందు చేసినవాళ్లెవరూ నెగ్గలేదు, ఒంటరిగా చేసినవాళ్లంతా నెగ్గారు. అమ్మాయిల సంఖ్య తక్కువే కాబట్టి అన్నిచోట్లా ఇంతే అనలేం. అయినా ఆలోచించాల్సిన విషయమే.

మరి పేరు సంగతి? మన దేశంలో థోరాట్, అట్‌వెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే అర్హతలున్నా ముస్లిం పేరుతో పంపిన దరఖాస్తులకు ప్రైవేటు కంపెనీల నుంచి పిలుపులు తక్కువగా వచ్చాయి. ఢిల్లీ ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలపై 2009లో వచ్చిన మరో అధ్యయనంలో అలాంటి తేడా కనపడలేదు. కాబట్టి ప్రతి తిరస్కరణకూ పేరే కారణమని పిల్లల మనసులో నాటకండి.

మనవాళ్లలో టీమ్ లీడ్‌లుగా ఇంటర్వ్యూలు చేసేవాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతిలో ఉన్నది చాలానే. అందరికీ అవే ప్రశ్నలు అడగాలి. దేనికి ఎన్ని మార్కులో ముందే రాసుకోవాలి. ఒకరి మార్కులు ఇంకొకరు చూడకముందే వేసేయాలి. పజిళ్లకు బదులు తప్పున్న చిన్న ప్రోగ్రామ్ ఇచ్చి, అరగంట వదిలేసి, తర్వాత కూర్చుని మాట్లాడితే పని వచ్చో రాదో తెలుస్తుంది. ఇంటికి మూడు రోజుల అసైన్‌మెంట్ ఇవ్వడం మాత్రం న్యాయం కాదు, చంటిబిడ్డ ఉన్న తల్లికి అంత తీరిక ఎక్కడిది? పెళ్లి, హిజాబ్, ఉండే బస్తీ గురించిన ప్రశ్నలకు కోడింగ్‌తో సంబంధమే లేదు.

ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలు కూడా "రెండు నిమిషాలు మౌనంగా ఆలోచించుకుంటాను" అని అడగొచ్చు. జుమా వేళకు టైమ్ ఇస్తే మార్చమని ముందే మెయిల్ పెట్టొచ్చు.