జీపు అడుగురేకుకు పిచికారీపూత



ఇనుమునకు నీరు శత్రువని మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. వానలో విడిచిన నాగటి కఱ్ఱుకును, నూనె ముట్టని కొడవలికిని పట్టు త్రుప్పును మీరు చిన్ననాటినుండి చూచుచున్నారు. అయితే కంటికి కనబడు త్రుప్పు కొంత మేలు. దానిని గీకి నూనె పూయవచ్చును. కనబడకుండ రేకును తినివేయు త్రుప్పు కడు చెడ్డది. చాపక్రింద నీరను సామెత జీపు విషయమున అక్షరాల నిజము. కొండదారులలోను, బురద బాటలలోను తిరుగు జీపుల అడుగురేకులు చాపక్రింద నీటివలననే చెడిపోవుచున్నవి. దీనిని అడ్డుకొనుటకు వాడుకలోనికి వచ్చిన పిచికారీపూతను గూర్చియు, దానిలోని మేలుకీడులను గూర్చియు నేనిప్పుడు విన్నవించెదను.

జీపు యుద్ధమునకై పుట్టిన బండి. 1941 మొదలు 1945 వఱకు అమెరికాలో విల్లీసు కంపెనీవారు సైన్యమునకై లక్షలకొలది జీపులను నిర్మించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట, 1940 దశాబ్దము ముగియకముందే, మహీంద్రావారు బొంబాయిలో ఈ బండ్లను కూర్పనారంభించిరి. నాటి జీపునకు తలుపులు లేవు, పైన గుడ్డకప్పు. వాన లోనికి వచ్చునని తెలిసియే చేసిన బండి అది. తరువాతి కాలపు బండ్లకు తలుపులు, అద్దములు, లోపల మెత్తని తివాసులు వచ్చినవి. బురదకాళ్లతో ఎక్కినవారి తడి ఆ తివాసిలో ఇంకి దినములకొలది ఆరదు. దానికి ఎరువు బస్తానుండి రాలిన పొడియో, చేపల గంపనుండి కారిన ఉప్పునీరో తోడైనచో చెప్పవలసినదేమున్నది? ఉప్పును, కొన్ని ఎరువులును గాలిలోని తేమను సైతము పీల్చుకొనును. ఉప్పు కలిసిన నీటిలో త్రుప్పు వడిగా పట్టును. త్రుప్పు తాను తిన్న యినుముకంటె ఎక్కువ తావు ఆక్రమించును గనుక పైరంగును పొక్కులుగా లేపును. పొక్కు పగిలిన చోట మఱింత నీరు చొచ్చును. ఇట్లు రెండు మూడు వానకాలములు గడచునప్పటికి రేకు జల్లెడయగును.

ఇక పూత సంగతి. ఇది మామూలు రంగు వంటిది కాదు. పలువిధముల రంగులలో ద్రావకము గాలిలోనికి పోయి రంగు ఆరును. ఇదియో, పాలు తోడుకొన్నట్లు తోడుకొనును. ఒక డబ్బాలో రెసిను అను చిక్కని ద్రవము, మఱియొక డబ్బాలో హార్డెనరు అను తోడు ఉండును. రెండును కలిసినప్పుడు రసాయనికముగా ఒకదానితో నొకటి పెనవైచుకొని, గట్టిదియు సాగునదియు నగు పొరగా మాఱును. పెరుగును మరల పాలు చేయలేనట్లే, ఆ పొరను మరల ద్రవముగా చేయలేము. ఇందు పాలీయూరితేను, పాలీయూరియా అను రెండు జాతులు ముఖ్యమైనవి. పాలీయూరియాను వేడిచేసి, మిక్కిలి ఒత్తిడితో చిమ్ము పెద్ద యంత్రము కావలెను. అది కొన్ని క్షణములలోనే గట్టిపడును. పాలీయూరితేను రకములను మామూలు కంప్రెసరుతోను చేతిగన్నుతోను కొట్టవచ్చును. గ్రామములకు దాపుననున్న షెడ్లలో అందుబాటులోనుండునది ఈ రెండవదియే.

అమెరికాలో ఈ పూత మొదట పికపు బండ్ల వెనుకతొట్లకు వాడుకలోనికి వచ్చినది. అంతకుముందు ఆ తొట్లలో అచ్చుపోసిన ప్లాస్టికు తొట్టిని దించెడివారు. దానికిని రేకునకును నడుమ ఇసుకయు నీరును చేరి, రాపిడికి రంగు పోయి, దాచిన చోటనే త్రుప్పు పుట్టెడిది. పూత రేకును కఱచి పట్టుకొనును గనుక నడుమ నీరు నిలువ చోటుండదు. దాని గుణమంతయు ఈ కఱచి పట్టుకొనుటలోనే యున్నది. అది లోపించెనా, పూతయే చాపయగును.

ఇత్తడి గిన్నెకు కళాయి పెట్టువానిని మీరు చూచియుందురు. అతడు తగరము పూయుటకు పట్టు కాలముకంటె గిన్నెను తోముటకు పట్టు కాలమే ఎక్కువ. మకిలి మీద కళాయి నిలువదు. ఇచ్చటను అంతే. సీట్లను, తివాసులను పూర్తిగా తీసివేయవలెను. ఇటీవలి బండ్లలో సీట్లక్రింద గాలిసంచుల తీగెలుండును గావున ముందుగా బ్యాటరీ తీగెను విప్పుట మంచిది. అడుగురేకును సబ్బునీటితో కడిగి, మంచినీటితో ఉప్పంతయు పోవునట్లు మరల కడిగి, ఆరనిచ్చి, జిడ్డును ద్రావకముతో తుడువవలెను. పిదప అనుమానమున్న ప్రతి చోటను స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడవలెను. మొన దిగబడినచో అక్కడ రేకు లేదు, త్రుప్పే యున్నదని గ్రహింపవలెను. ఆ భాగమును కోసి క్రొత్తరేకు అతికింపవలసినదే కాని, చిల్లు మీద పూత కొట్టి దాచరాదు. ఇచ్చట మఱియొక హెచ్చరిక: పాత విల్లీసు జీపులకు పెట్రోలు తొట్టి డ్రైవరు సీటుక్రిందనే యుండును. తొట్టిని దింపి దూరముగా పెట్టక వెల్డింగు చేయింపరాదు.

పైపైన నున్న త్రుప్పును తీగెకుంచెతో గీకి, గట్టిగానున్న పాతరంగును గరుకుకాగితముతో మెఱుపు పోవువఱకు రుద్దవలెను. నున్నని గోడకు పూత పట్టనట్లే నున్నని రంగునకు ఈ పొర పట్టదు. ఇనుము బయటపడిన చోట ఎపాక్సీ ప్రైమరు వేయవలెను. నీరు పోవు రంధ్రములను, సీట్లకును నడికట్లకును ఉన్న బోల్టుమరలను, బ్యాటరీ భూమితీగె తగులు చోటును, ఛాసిస్ నంబరును కాగితముతోను పట్టీతోను కప్పవలెను. మరలలో పూత పడినచో బోల్టు బిగియదు. భూమితీగె క్రింద పడినచో విద్యుత్తు పాఱదు. నీటి రంధ్రము మూసికొన్నచో అడుగురేకు తొట్టియగును.

పిచికారీకి పొడిదినమును ఎన్నుకొనవలెను. తోడు ద్రవమునకు నీరన్న మిక్కిలి ఆసక్తి. రెసినుతో కలియవలసినది తేమతో కలిసి బొగ్గుపులుసు వాయువును పుట్టించును. పూతలో బుడగలు, సూదిబెజ్జములు ఏర్పడును. వానముసురులోను, మంచు కురియు వేకువజామునను ఈ పని తగదు. రెండు ద్రవములను డబ్బామీద వ్రాసిన పాళ్లలోనే కలుపవలెను. ఒకానొక రకమునకు మూడుపాళ్ల రెసినునకు ఒక పాలు తోడు. త్వరగా గట్టిపడునని తోడు ఎక్కువ పోయుట తప్పు. ఒక్కమాఱే దట్టముగా కొట్టక రెండు పొరలుగా కొట్టవలెను. గాలి ఒత్తిడి ఎక్కువైనచో పూత సన్నని రవ్వగాను, తక్కువైనచో ముతకగాను వచ్చును. కాలు జాఱకుండుటకు ముతకదియే మేలు. ముట్టుకొన్న అంటుకొననంత మాత్రమున పని ముగిసినదని తలపరాదు. చేతిగన్ను రకములకు పూర్తి బలము వచ్చుటకు సుమారు వారము దినములు పట్టును.

ఇంతవఱకు ఇనుమును గూర్చి చెప్పితిని. ఇంతకంటె ముఖ్యమైనది ఊపిరిని గూర్చినది. తోడు ద్రవములో ఐసోసయనేటులను పదార్థములుండును. 1984 డిసెంబరు 2వ తేది రాత్రి భోపాలులో వెలువడి వేలమందిని బలిగొన్న మిథైల్ ఐసోసయనేటు ఈ కుటుంబములోనిదే. తోడులోనున్నది అది కాదు, దానివలె సులభముగా ఆవిరియగునదియు కాదు. కాని గన్నుతో చిమ్మినప్పుడు మంచువలె సన్నని తుంపరయై ఊపిరితిత్తులలోనికి పోవును. ఒకమాఱు శరీరమునకు అది గిట్టకపోయెనా, పిమ్మట లవలేశము సోకినను ఉబ్బసము ముంచుకొనివచ్చును. పని మానినను కొందఱకది విడువదు. చర్మమునకు తగిలినను కీడే. వాసనను బట్టి తొలగిపోవుదమన్న వీలులేదు; కీడుచేయు మోతాదునందు సైతము ముక్కునకు వాసన తెలియకపోవచ్చును.

పురుగుమందు కొట్టువారు ముక్కునకు తువాలు చుట్టుకొనుట మన పొలములలో చూచుచున్నాము. ఆ తువాలు ఇచ్చట ఎందులకును పనికిరాదు. బయటి మంచిగాలిని గొట్టముద్వారా అందించు ముసుగు, చేతితొడుగులు, ఒడలంత కప్పు దుస్తులు కావలెను. జీపు లోపలిభాగము ఇఱుకు గది వంటిది. అందులో తుంపర నిలిచిపోవును. కనుక తలుపులన్నియు తెఱచి, గాలి వీచు చోటనే చేయవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు. ముసుగు దొరకనిచో కుంచెతోనో రోలరుతోనో పూయు రకములు కలవు. అందము కొంత తక్కువగును గాని తుంపర లేవదు. దానికిని చేతితొడుగులు, ఆరుబయలు తప్పవు. పూర్తిగా గట్టిపడిన పూత నిరపాయకరము. కాని దానిని కాల్చినను, దానిపై వెల్డింగు చేసినను విషధూమములు వెడలును. తరువాత అతుకు పడవలసివచ్చినచో ముందు ఆ చోటి పూతను తుంపర లేవకుండ గీకివేయవలెను.

ఈ పూత బండి మోతను కొంత తగ్గించునేమో గాని ఇంజను వేడిమిని ఆపదు. బాగుగా కుదిరినచో బురదను నీళ్లతో కడిగి వదలివేయవచ్చును. బస్తాల రాపిడికి ఓర్చును. కాని అది పైభాగమునే కాచును. రేకు క్రిందిభాగము చక్రములు చిమ్మిన బురదకు లోబడియే యుండును. ఏటేట వానకాలమునకు ముందు జీపుక్రిందికి దూఱి రేకును తట్టి చూచుట మానరాదు. ఇదివఱకే త్రుప్పు తిన్న బండికి ముందు రేకుపని చేయింపుడు. డబ్బు చాలనిచో తివాసిని తీసివేసి, రేకును ఆరనిచ్చి, ఒక ప్రైమరు పూతతో సరిపుచ్చుకొనుడు. చెడ్డరేకుమీది మంచిపూతకంటె అదియే మేలు.

షెడ్డువాడు ధర చెప్పినప్పుడు మీరు బేరమాడుట సహజము. ఆ సమయముననే పిచికారీ పట్టు పిల్లవాని ముసుగెక్కడ అని కూడ అడుగుడు. చూపలేనిచో బండిని మఱియొక షెడ్డునకు త్రిప్పుడు. రేకు పోయినచో క్రొత్తది అతికింపవచ్చును. ఊపిరితిత్తికి అతుకు లేదు.