ఇంజను మీది అంకెలు

గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతములలో పాత అంబాసిడరుగాని జీపుగాని అమ్మకమునకు వచ్చినప్పుడు కొనువాడు ముందు టైర్లు చూచును, పిమ్మట రంగు చూచును. గ్రీజు క్రింద దాగియుండు ఇంజను నెంబరును చూచువారు తక్కువ. బండి నిజస్థితి తెలుపునది అదియే.

సిలిండరు బ్లాకుపై రెండు విధములైన అంకెలుండును. ఒకటి ఉబ్బెత్తుగా నుండును. కరగించిన పోతయినుమును అచ్చులో పోసినప్పుడే అది ఏర్పడును గనుక వేలకొలది బ్లాకులపై అదే సంఖ్య కనబడును. అది ఇంటిపేరు వంటిది. రెండవది ఉక్కు పంచుతో కొట్టగా లోనికి దిగినది. అది ఆ ఒక్క ఇంజనుకే పెట్టిన పేరు. రిజిస్ట్రేషను పత్రమున కెక్కునది రెండవది మాత్రమే.

సంఖ్యకు ముందుండు అక్షరములు ఇంకను చెప్పును. మోరిస్ మైనరు ఇంజనుపై 9ఎం-యు-హెచ్ అని యున్నదనుకొందము. 9 అనగా 948 ఘన సెంటీమీటర్ల ఇంజను. ఎం అనగా మోరిస్. యు అనగా గేరుకడ్డీ నేలమీద నున్నదని (స్టీరింగు ప్రక్క నున్నచో ఎన్ అని వేయుదురు). హెచ్ అనగా సంపీడన నిష్పత్తి ఎక్కువ, ఎల్ అయినచో తక్కువ. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషను వారి పద్ధతి.

అంబాసిడరుకు మొదట 1476 ఘన సెంటీమీటర్ల ఇంజనుండెడిది. 1959లో ఆ కార్పొరేషనువారి 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను వచ్చినది. తేడా 13 మాత్రమే. కాని మొదటిదానికి వాల్వులు బ్లాకు ప్రక్కన, రెండవదానికి పైన హెడ్డులో నుండును. కనుక 1958 నాటి బండిలో రెండవది కనబడినచో నడుమ ఇంజను మారినదన్నమాట. యుద్ధకాలపు జీపులలో విల్లీస్ ఇంజనుకు ఎంబీ అనియు, ఫోర్డు ఇంజనుకు జీపీడబ్ల్యు అనియు గుర్తులు. ఒకదాని భాగములు మరొకదానికి సరిపోవుటచే అవి ఎన్నియో చేతులు మారినవి.

ఇంజను మార్చుట నేరము కాదు. కాని 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ఆ సంగతి రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను. 2021లో వచ్చిన నిబంధనలు 50 ఏండ్లు దాటిన బండ్లకు వీఏ అక్షరములతో ప్రత్యేక నెంబరు నిచ్చుచున్నవి. ఇంజను, ఛాసిస్ అసలు రూపమున లేనిచో ఆ గౌరవము దక్కదు.

దొంగబండి అయినచో ఆకురాయితో అంకెలు అరగదీయుదురు. కంటికి పోయినట్లే యుండును. అయినను పంచు దెబ్బకు గుంట అడుగునగల లోహపు స్ఫటికములు నలిగి, చుట్టునున్న లోహముకంటె వేరు గుణము పొందును. ఆ తలమును నున్నగా మెరుగుపెట్టి, రాగి క్లోరైడు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లము పూసినచో నలిగిన భాగము, నలగని భాగము వేరువేరు వేగములతో కరగును. క్రమముగా అంకె మరల తేలును. ఈ పని ప్రయోగశాలవారిది, బడిలో చేయదగినది కాదు.

బడిలో చెక్కతో చూపవచ్చును. మెత్తని చెక్కపై ఒక అక్షరమును గట్టిగా అద్ది, గుంట పోవువరకు చిత్రికపట్టి, నీటిలో తడుపవలెను. అణగిన పీచు ఉబ్బి అక్షరము పైకి లేచును. చెక్కలో ఉబ్బుట, లోహములో కరగుట. కారణములు వేరైనను అణగినచోటు ఆనవాలు నిలుపుకొనుట రెండింటను ఒకటే.

పోతయినుము పెళుసుది, పైగా దానిలో గ్రాఫైటు రేకులుండును. అందుచే ఇంజను బ్లాకుపై అంకెలు రాబట్టుట, ఉక్కు ఛాసిస్‌పై రాబట్టుటకంటె కష్టము.