ముసుగు వేసి నిలబెడితే కేసు తేలిపోయినట్టేనా?

టేబుల్ మీద వరుసగా పేర్చిన నగలు, సెల్‌ఫోన్లు. కుర్చీల్లో అధికారులు. వాళ్ల వెనక ముసుగులతో తల వంచుకుని నిలబడ్డ మనుషులు. సాయంత్రానికల్లా టీవీల్లో ‘కేసును ఛేదించిన పోలీసులు’ అని స్క్రోలింగ్. చూసేవాళ్లకు అక్కడితో కేసు అయిపోయింది. నిజానికి అప్పటికి ఛార్జిషీటు కూడా పడి ఉండదు.

అపోహ: పోలీసుల దగ్గర ఒప్పేసుకున్నాడుగా, ఇంకా విచారణ దేనికి?

పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. బ్రిటిష్ వాళ్ల నాటి సాక్ష్య చట్టంలోనూ అంతే, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అంతే. ఆ మాటను బట్టి కొత్తగా ఏదైనా వస్తువో ఆధారమో దొరికితే, దానికి సంబంధించినంత వరకే పనికొస్తుంది. కొట్టి ఒప్పించే అలవాటు ఎంత పాతదో చట్టం రాసినవాళ్లకు తెలుసు.

2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లోని ఒక బడిలో ఏడేళ్ల పిల్లాడు హత్యకు గురయ్యాడు. ఆ రోజే బస్సు కండక్టర్‌ను అరెస్టు చేశారు. అతను కెమెరాల ముందు తప్పు ఒప్పుకున్నాడు, దేశమంతా చూసింది. తర్వాత సీబీఐ రంగంలోకి దిగి, అదే బడిలో చదివే విద్యార్థిని అదుపులోకి తీసుకుంది. 2018 ఫిబ్రవరిలో కోర్టు కండక్టర్‌కు కేసు నుంచి విముక్తి ఇచ్చింది. కెమెరాల ముందు ఆ మాటలు అతని నోట ఎలా వచ్చాయన్నది ప్రతి న్యూస్‌రూమూ వేసుకోవాల్సిన ప్రశ్న.

అపోహ: నిప్పు లేనిదే పొగ రాదు. ఏమీ చేయకపోతే అరెస్టు ఎందుకు చేస్తారు?

అరెస్టు చేసే అధికారం ఉండటం వేరు, చేయాల్సిన అవసరం ఉండటం వేరని సుప్రీంకోర్టు 1994లోనే, జోగిందర్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. అరెస్టుకు కావలసింది అనుమానం, శిక్షకు కావలసింది రుజువు.

అపోహ: ముసుగు వేశారంటే పరువు కాపాడుతున్నట్టే.

ముసుగు అసలు ఉద్దేశం గుర్తింపు పరేడ్. సాక్షి ముందు కొందరిని నిలబెట్టి ‘నువ్వు చూసింది వీళ్లలో ఎవరిని?’ అని అడుగుతారు. అంతకుముందే ఆ ముఖం టీవీలో కనబడితే, సాక్షి గుర్తుపట్టింది నేరస్థలంలో చూసిన మనిషినా, తెరమీద చూసిన మనిషినా అని డిఫెన్స్ లాయరు అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. ముసుగు వేసి నిలబెట్టి, పక్కనే ఫొటో, ఊరు, తండ్రి పేరు వేసేస్తే ఏం లాభం? అమాయకుడి బతుకు బజారున పడుతుంది. నిజంగా నేరం చేసినవాడికేమో తప్పించుకునే దారి దొరుకుతుంది.

అపోహ: నిందితుడి హక్కులంటూ మాట్లాడితే బాధితులకు అన్యాయం చేసినట్టే.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ అపోహే. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉన్న ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. ఎవరినో ఒకరిని పట్టుకోవాలన్న ఒత్తిడి పోలీసుల మీద పెరిగింది. 2008 ఆగస్టులో ఒక పేద యువకుడిని అరెస్టు చేసి, వీడే హంతకుడని ప్రకటించారు. కాదు, ఇతను కాదు అని మొదటి నుంచీ మొత్తుకున్నది ఎవరో కాదు, చనిపోయిన అమ్మాయి కన్నతల్లి. ఎవరూ వినలేదు. 2010లో విజయవాడ మహిళా కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషి అని తీర్పిచ్చింది. అప్పటికి ఎనిమిదేళ్లు దాటాయి, అతని యవ్వనం జైల్లోనే గడిచిపోయింది.

మరి ఆ తల్లికి ఏం మిగిలింది? 2018లో హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 2019 డిసెంబరులో సమాధి తవ్వి, బిడ్డ అవశేషాలకు మళ్లీ పరీక్షలు చేశారు. హంతకుడి జాడ వెతకాల్సిన మొదటి పదేళ్లు తప్పుడు మనిషి చుట్టూ తిరగడానికే సరిపోయాయి. ఒక అమాయకుడిని బోనులో నిలబెట్టిన ప్రతిసారీ అసలు దోషి బయట హాయిగా తిరుగుతుంటాడు. నిందితుడి హక్కులు గట్టిగా ఉంటే ఆ తల్లికీ మేలు జరిగేది.

అపోహ: నిర్దోషిగా తేలితే ప్రభుత్వం పరిహారం ఇస్తుందిగా!

అలాంటి హక్కును చట్టం ఏదీ ఇవ్వలేదు. ఇవ్వాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్లి, చివరికి కేసుల నుంచి బయటపడ్డ హైదరాబాద్ యువకులకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారమిస్తే, అది చెల్లదని 2013లో హైకోర్టు కొట్టేసింది. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 50 లక్షలు ఇవ్వమని సుప్రీంకోర్టు ఆదేశించింది నిజమే, కానీ అది అరెస్టయిన 24 ఏళ్లకు, ఆయన పట్టు వదలక కొట్లాడితే. సరైన కారణం లేకుండా ఒకరిని అరెస్టు చేయించినవాడి దగ్గర్నుంచి మేజిస్ట్రేటు బాధితుడికి ఇప్పించగలిగే సొమ్ముకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో పరిమితి వెయ్యి రూపాయలు. దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలోనూ ఆ వెయ్యి వెయ్యిగానే ఉంది.