రైలు దిగిపోయిన వంతెన

మన నరసరావుపేట నుంచి గాని, మాచర్ల నుంచి గాని విశాఖ వైపు ప్రయాణించే విద్యార్థులు కొవ్వూరు దాటగానే కిటికీల దగ్గర చేరతారు. రైలు ఆర్చి వంతెన మీదుగా పోతే, పక్కనే రాతి స్తంభాల మీద నిలిచిన పాత వంతెన కనబడుతుంది. అదే హేవ్‌లాక్ వంతెన.

దాని నిర్మాణం 1897లో మొదలై, 1900లో రైళ్ళు నడిచాయి. అంతకు ముందు ఇక్కడ ప్రయాణికులు గోదావరిని పడవల మీదే దాటవలసి వచ్చేది. మద్రాసు, కలకత్తాల మధ్య తూర్పుతీరపు రైలుమార్గానికి అడ్డుగా ఉన్న నదిని ఈ వంతెన కలిపింది. నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు ఎఫ్.టి.జి. వాల్టన్. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవ్‌లాక్ పేరు పెట్టారు. ఒక్కొక్కటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు! దాదాపు నూరేళ్ళు సేవచేసి 1997లో విశ్రాంతి తీసుకున్నది.

మరి ఇప్పుడు దాని మీద మనం నడవవచ్చునా? ఉన్నదున్నట్టుగా అయితే నడవకూడదు. రైలు వంతెన మనుషుల కోసం కట్టింది కాదు. గర్డర్ల మీద స్లీపర్లు, వాటి మధ్య సందులు, కింద నది. నడక కావాలంటే గట్టి నేల పరచాలి, ఇరువైపులా కటకటాలు కట్టాలి, దీపాలు పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఇనుముకు తుప్పు పట్టకుండా ఎప్పటికప్పుడు రంగు వేయాలి. ఈ ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు చిక్కు.

అమెరికాలో హడ్సన్ నది మీద 1889 నాటి రైలు వంతెన ఒకటి 1974లో అగ్నిప్రమాదం వల్ల మూతపడింది. 2009లో అది నడకదారిగా తెరుచుకున్నది. అంటే ఇది జరగని పని కాదన్నమాట. మన దగ్గర కూడా 2025లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది. హేవ్‌లాక్ వంతెనను పర్యాటక స్థలంగా తీర్చడం అందులో ఒక భాగం.

సంతోషమే. కాని ఒక్క మాట. రాజమండ్రి ఒడ్డున నాలుగు దుకాణాలు, రంగుల దీపాలు పెట్టినంత మాత్రాన వంతెన తెరిచినట్టు కాదు. కొవ్వూరు కూలీ సైకిలు మీద, రాజమండ్రి విద్యార్థి కాలినడకన ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరగలగాలి. దాటడానికి వీలులేని వంతెన బొమ్మతో సమానం. మనుషులు రోజూ నడిచే చోట ఒక పలక ఊడినా వెంటనే తెలుస్తుంది, అడిగేవాళ్ళూ ఉంటారు. తాళం వేసిన చోట తుప్పు ఒక్కటే నడుస్తుంది.

పాతదాన్ని కాపాడటమంటే దాన్ని ప్రజల వాడుకలో ఉంచడమే కదా!