స్క్రూల మీద బతికిన బండి

సిడ్నీ తెలుగువాళ్లకు హెలెన్స్‌బర్గ్ అంటే వెంకన్న గుడి. నగరానికి దక్షిణంగా సుమారు 45 కిలోమీటర్లు, దారి పొడవునా యూకలిప్టస్ అడవి, కొండ మీద గోపురం, దర్శనం అయ్యాక క్యాంటీన్లో దోసె. ఆ గుడికి కుంభాభిషేకం జరిగింది 1985లో. ఊరు మాత్రం అంతకు వందేళ్ల కిందటే బొగ్గు కోసం పుట్టింది. 1880లలో మెట్రోపాలిటన్ గని తవ్వడం మొదలైంది, 1888లో రైలు వచ్చింది. ఆ పాత లైను సొరంగాన్ని 1915లో వదిలేస్తే, ఇప్పుడందులో నీలంగా మెరిసే పురుగులు కాపురం పెట్టాయి.

అదే 1985లో జపాన్‌లోని షిజువోకా నుంచి ఒక బుల్లి ట్రక్కు బజారులోకి దిగింది. పేరు బ్రూయిజర్. అసలు టయోటా హైలక్స్‌లో పదో వంతు ఉండే రేడియో కంట్రోల్ బండి, తయారీ టమియా కంపెనీ. గుడికీ దీనికీ సంవత్సరం తప్ప వేరే చుట్టరికం లేదు. అయితే ఆ తరం ట్రక్కులు ఇప్పుడు ఆస్ట్రేలియాలో పెరటి షెడ్లలోంచి, గ్యారేజ్ సేళ్లలోంచి ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. వాటిని కొని, పూర్తిగా విప్పి, కడిగి, అరిగినవి మార్చి మళ్లీ అమ్మేవాళ్లున్నారు. నలభై ఏళ్ల నాటి బొమ్మ ఇంకా బాగవుతోంది. మొన్న పుట్టినరోజుకి కొన్న రిమోట్ కారు మూడు నెలలకే మూలపడితే మాత్రం దాన్ని తెరవడానికి కూడా దారి ఉండదు. ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే ట్రక్కు పుట్టిల్లు చూడాలి.

టమియా 1946లో మొదలైంది కలప వ్యాపారంగా. తర్వాత కట్టె బొమ్మలు, 1960 నుంచి ప్లాస్టిక్ మోడళ్లు. చూసి మురిసిపోయి అద్దాల బీరువాలో పెట్టుకునే ఓడలూ ట్యాంకులూ కార్లూ అవి. కొలతల విషయంలో ఆ కంపెనీకి పిచ్చి ఎంతంటే, పోర్షే కారు మోడల్ సరిగ్గా రావాలని వ్యవస్థాపకుడి కొడుకు షున్సాకు టమియా నిజమైన పోర్షే 911నే కొని విప్పించాడు. ఆ శ్రమలోంచి 1976 చివర్లో వచ్చిన పోర్షే 934 ఆ కంపెనీ మొదటి రేడియో కంట్రోల్ కారు. అంతకు పదేళ్ల ముందే ఇటలీలో ఎల్జీ అనే సంస్థ రేడియోతో నడిచే ఫెరారీ అమ్మింది కాబట్టి మొదటివాళ్లన్న కీర్తి టమియాది కాదు. కానీ బండిని బండిగా కాక విడి భాగాలుగా, పెట్టెలో పెట్టి అమ్మాలన్న పట్టుదల వాళ్లది. కొన్న పిల్లవాడే గేర్లు కూర్చాలి, బేరింగులు ఎక్కించాలి, స్క్రూలు బిగించాలి. కూర్చినవాడు విప్పగలడు, విప్పినవాడు బాగుచేయగలడు. ప్రతి భాగానికీ బొమ్మగీసిన పుస్తకం, విడిగా దొరికే స్పేరు సంచులు. ఎక్కడా జిగురుతో అతికించి మూసేసిన గేరుపెట్టె ఉండదు. నా మటుకు ఈ బళ్ల దీర్ఘాయువు రహస్యంలో ముప్పావు వంతు ఇదే.

1979లో శాండ్ స్కార్చర్ అనే బీచి బగ్గీ, 1981లో హైలక్స్ పికప్ వచ్చాయి. ఈ రెండోదాన్ని తిరగేసి విజయవాడ ఆటోనగర్‌లో ఏ మేస్త్రికి చూపించినా పేర్లన్నీ తడుముకోకుండా చెప్పేస్తాడు. నిచ్చెన ఆకారపు ఛాసిస్, కమాను పట్టీలు, ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు, మూడు గేర్ల పెట్టె, నాలుగు చక్రాలకూ తిరిగే శక్తి. ఆడుకునే వస్తువుకి ఇంత అవసరమా అంటే లేదు. ప్లాస్టిక్ చేతులూ స్ప్రింగులూ పెట్టినా బండి నడుస్తుంది, 1986లో వచ్చిన బ్లాక్‌ఫుట్, 1987 నాటి లంచ్ బాక్స్ అలాంటివే. వాటి ధర తక్కువ, అమ్మకాలు ఎక్కువ. 1987లోనే వచ్చిన క్లాడ్ బస్టర్ ఇంకో తిక్క: ముందు యాక్సిల్‌కి ఒక మోటారు, వెనక యాక్సిల్‌కి ఒక మోటారు, నాలుగు చక్రాలూ వంకర తిరుగుతాయి. ఆస్ట్రేలియాలో యూట్ అనే పికప్ బండంటే ప్రాణం పెట్టే జనం ఎక్కువ. హైలక్స్ 2016 నుంచి 2022 దాకా వరసగా ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన వాహనం. నాన్న నడిపే బండే బుల్లిగా చేతికొస్తే ఏ పిల్లవాడు వదులుతాడు?

ఇక రేడియో సంగతి. తీగ లేకుండా దూరంలో ఉన్న వస్తువుని కదిలించడమన్నది మనకు మరీ పరాయి కథ కాదు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ గోడల అవతల ఉన్న గంటను రేడియో తరంగాలతో మోగించి, తుపాకీ మందు పేల్చి చూపించాడు. 1898లో నికోలా టెస్లా న్యూయార్క్‌లో నీటి తొట్టిలో చిన్న పడవను తిప్పి పేటెంటు తీసుకున్నాడు. అవన్నీ ఉందా లేదా అన్న సంకేతాలు, మీట నొక్కినట్టు. చేతి కదలికకు తగ్గట్టు చక్రం కొంచెం తిరగాలంటే, సగం తిరగాలంటే వేరే ఉపాయం కావాలి. 1960లలో అమెరికాలో అది కుదిరింది. ట్రాన్స్‌మిటర్ సెకనుకు దాదాపు 50 సార్లు ఒక్కో చిన్న విద్యుత్ తట్టు పంపుతుంది. ఆ తట్టు 1.5 మిల్లీ సెకన్లు ఉంటే స్టీరింగు తిప్పే సర్వో మధ్యలో ఆగుతుంది, 1 మిల్లీ సెకనుకి తగ్గితే ఒక పక్కకి, 2కి పెరిగితే ఇంకో పక్కకి. సర్వోలో చిన్న మోటారు, గేర్లు, తను ఎక్కడుందో తనకే చెప్పే ఒక పొటెన్షియోమీటరు. వచ్చిన కొలతా ఉన్న చోటూ సరిపోలేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది. ఈ రోజు అమ్మే సర్వోలు కూడా ఇదే భాష మాట్లాడతాయి. అందుకే 1985 నాటి ట్రక్కుకి నిన్న కొన్న సర్వో బిగించినా ఇద్దరికీ పొసగుతుంది.

పొసగనిది గాలిలో ప్రయాణించే భాగం. అప్పటి బళ్లు 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి. ఆ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, దానిలో నాలుగో వంతు ఏరియల్ పెట్టాలన్నా రెండున్నర మీటర్లు దాటుతుంది. లోపల తీగచుట్ట పెట్టి మోసగించి ఏరియల్‌ని మీటరు పొడవుకి తెచ్చారు, పాత ఫొటోల్లో పిల్లల చేతుల్లో కనిపించే వెండి కడ్డీ అదే. పైగా ఆ పట్టీ అందరిదీ. ఆస్ట్రేలియాలో 1977లో జనం కబుర్లకు వాడే సీబీ రేడియోకి 27 మెగాహెర్ట్జ్‌లోనూ అనుమతిచ్చారు. అంటే దారినపోయే లారీ డ్రైవరు కబుర్లు చెప్పుకుంటుంటే పెరట్లో బుల్లి ట్రక్కు పూనకం వచ్చినట్టు ఊగిపోయే వీలుంది. ఇద్దరు పిల్లలు ఒకచోట ఆడాలంటే ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ ఇద్దరిదీ వేరుగా ఉండాలి, రంగు రిబ్బను చూసి తెలుసుకునేవాళ్లు. ఇప్పుడు 2.4 గిగాహెర్ట్జ్. తరంగం 12 సెంటీమీటర్ల చిల్లర, ఏరియల్ మూడు సెంటీమీటర్ల తీగముక్క. సెట్లు చాలావరకు ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి గెంతుతూ పోతాయి. గెంతే ఆలోచనకు సినిమా నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942లో పేటెంటు తీసుకున్నారు, టార్పీడోల కోసం, పియానో మెట్ల లెక్కన 88 ఫ్రీక్వెన్సీలతో. ఏ బండి పేరులో రేడియో మొదటి మాటో, ఆ బండి బాగుచేసేటప్పుడు ముందుగా పీకి పక్కన పెట్టేది ఆ రేడియోనే. దాని మీద ఎవరికీ జాలి ఉండదు, నాకు తప్ప.

రెండో వేటు వేగాన్ని తగ్గించి పెంచే పాత పరికరం మీద పడుతుంది. మోటారుకి వెళ్లే కరెంటు దారిలో నిరోధక తీగచుట్టలు పెట్టి, సర్వోకి బిగించిన రాగి చేయి వాటి మీద జారేలా చేశారు. ట్రక్కుని నెమ్మదిగా నడపాలంటే మిగతా శక్తిని ఆ చుట్టలో వేడిగా తగలెయ్యాలి. మోటారు 5 ఆంపియర్లు లాగుతూ చుట్టలో 3 వోల్టులు పోతే 15 వాట్ల వేడి, అగ్గిపెట్టెంత జాగాలో. పక్కన ఉన్న ప్లాస్టిక్ మెత్తబడటం, రాగి నల్లబడటం అన్నీ దాని చలవే. ఇప్పటి ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలరు కరెంటుని సెకనుకు వేల సార్లు ఆపి వదులుతుంది, వృథా చాలా తక్కువ. అయినా కొందరు పట్టుబట్టి పాతదే బాగుచేసుకుంటారు. వాదించి లాభం లేదు.

రసాయనశాస్త్రం అసలు పని మొదలుపెట్టేది విప్పడం మొదలయ్యాక. ముందు స్క్రూడ్రైవరు. జపాను స్క్రూల తలమీది గాడి మామూలు ఫిలిప్స్‌లా కనిపిస్తుంది కానీ కాదు. ఫిలిప్స్ మొన పైకి జారి గాడిని తినేస్తుంది, కాబట్టి జపాను ప్రమాణపు డ్రైవరే కావాలి. బ్యాటరీ లోపలే వదిలేసిన బండి అయితే నికెల్ కాడ్మియం సెల్లులోంచి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ రాగి తీగల్లో ఇన్సులేషన్ కిందుగా పాకి ఉంటుంది. పైకి తీగ ఎర్రగా నిగనిగలాడుతుంది, కోసి చూస్తే లోపల నలుపు. అది క్షారం, వెనిగర్ రాస్తే పైన పేరుకున్నది పోతుంది, తీగ మాత్రం మార్చాల్సిందే. ఎండిపోయి పెళుసెక్కిన నైలాను భాగాల్ని నీళ్లలో నానబెడతారు. నైలాను నీటిని పీల్చుకుని మళ్లీ కాస్త సాగే గుణం తెచ్చుకుంటుంది. బాడీ మీద పాత పెయింటు తీయాలని అసిటోన్ రాస్తే పెయింటుతోపాటు బాడీ కూడా కరుగుతుంది. రబ్బరు టైర్లు గాలిలోని ఓజోను దెబ్బకి పక్కల్లో పగుళ్లిస్తాయి, వాటికి మందు లేదు. హెలెన్స్‌బర్గ్ కిందనే స్టాన్వెల్ పార్క్ సముద్రతీరం ఉంది. అలాంటి తీరంలో ఇసుక మీద పరిగెత్తడానికే శాండ్ స్కార్చర్‌ని చేశారు గానీ, ఇసుక గ్రీజుతో కలిస్తే గేర్లను అరగదీసే పేస్టు అవుతుంది. ఉప్పు మిగతా పని చూసుకుంటుంది.

స్టాన్వెల్ పార్క్ పేరు ఎత్తాక లారెన్స్ హార్‌గ్రేవ్‌ని తలవకుండా పోలేను. 1894 నవంబరు 12న ఆ బీచిలో నాలుగు పెట్టె గాలిపటాలు కలిపి కట్టి తనను తాను 16 అడుగులు పైకి లేపుకున్న మనిషి. అంతకు ముందు రబ్బరు బ్యాండులతో, ఒత్తిడి గాలితో ఎగిరే బుల్లి యంత్రాలు ఎన్నో చేశాడు. ఏ ఒక్కదానికీ పేటెంటు తీసుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చని వివరాలన్నీ ప్రకటించాడు. ఆ మోడళ్లు 1910లో మ్యూనిక్ మ్యూజియానికి వెళ్లాయి, రెండో ప్రపంచయుద్ధంలో చాలావరకు నాశనమయ్యాయి, మిగిలినవి సిడ్నీకి తిరిగొచ్చాయి. వస్తువు పోయినా దాన్ని మళ్లీ చేసే పద్ధతి కాగితం మీద ఉంటే నష్టం సగమే. విడిభాగాల బొమ్మల పుస్తకం లేని పాత ట్రక్కుని చూసినప్పుడల్లా నాకు ఈయనే గుర్తొస్తాడు.

బజారులో మాత్రం లెక్క తలకిందులు. కట్టడానికే పుట్టిన బండి కట్టకుండా, సంచులు చింపకుండా పెట్టెలోనే ఉంటే అన్నిటికంటే ఎక్కువ ధర. విప్పకపోతే చెడదనుకోవడం భ్రమ. మూసిన పెట్టెలోనూ రబ్బరు గట్టిపడుతుంది, స్టిక్కర్ల జిగురు పసుపెక్కుతుంది. 2005 ప్రాంతం నుంచి టమియా పాత మోడళ్లను తానే మళ్లీ అచ్చుపోసి వదలడం మొదలుపెట్టింది. 2010లో శాండ్ స్కార్చర్, 2012లో బ్రూయిజర్ తిరిగొచ్చాయి. పాతవి దాచుకున్నవాళ్లు కొందరు గొల్లుమన్నారు. నా ఉద్దేశంలో ఏడవాల్సిన పని లేదు. కొత్త అచ్చు వచ్చాక పాతవాటికి టైర్లూ గేర్లూ బాడీలూ దొరికాయి, మూలపడినవి లేచి నడిచాయి. చిక్కల్లా కలగాపులగం దగ్గర. పాత ఛాసిస్ మీద కొత్త బాడీ, బయట అచ్చుకొట్టించిన స్టిక్కర్లు వేసి 1985 నాటి అసలు సరుకని అమ్మేవాళ్లుంటారు. కొత్త భాగం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

కొనేవాళ్లు బండిని పైనుంచి కాదు, తిరగేసి చూడాలి. స్క్రూల తలలు తినేసి ఉంటే చేతకాని చెయ్యి పడిందని అర్థం. చక్రాన్ని చేత్తో తిప్పి గేరుపెట్టెలో గరగర వింటే ఇసుక. బ్యాటరీ అర తెరిచి తీగ చివర కొంచెం గీకమనండి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే లోపల నలుపే ఉంటుందనుకుని ధర చెప్పండి. పాత రేడియో, ఏరియల్, క్రిస్టళ్లు కూడా ఉంటే అడిగి తీసుకోండి. బండి వాటితో నడవదు, కానీ మళ్లీ అమ్మేటప్పుడు పూర్తి సెట్టుకి ఉండే బేరం వేరు.