నమ్దే అంటే మాదా, మనదా?

సంవత్సరం చివర చిల్లర కొట్టువాడు సైతం చిట్టా ముందు వేసుకుని కూర్చుంటాడు. జమ యెంత, ఖర్చు యెంత, రావలసిన బాకీ యెంత అని చూసుకుంటాడు. ఆటలు చూసే వ్యసనమున్న మావంటి వారికి మాత్రం ఇటువంటి పద్దు యెందుకు వుండకూడదు? 2025 సంవత్సరంలో మేము అభిమానించే జట్లూ, ఆటగాళ్ళూ మాకు యెంత సంతోషం జమకట్టారో, యెంత దుఃఖం ఖర్చు రాశారో లెక్క చూసుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

ముందుగా మా స్థితి చెప్పుకోవాలి. మేము మూడు తరాలుగా బెంగళూరులో కాపురమున్న తెలుగువాళ్ళము. ఇంట్లో మాట తెలుగు, వీధిలో మాట కన్నడం. చారులో చిటికెడు బెల్లం పడనిదే మాకు ముద్ద దిగదు. పళ్ళెంలో ఆవకాయ లేకపోయినా దిగదు. ఇటువంటి వారికి ఆటల విషయంలో పెద్ద చిక్కొకటి వున్నది. బెంగళూరు జట్టూ, హైదరాబాదు జట్టూ తలపడితే మేము యెవరి పక్షం?

ఈ చిక్కు మాకు కొత్తది కాదు. ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలు 2008లో మొదలైనవి. మరుసటి యేడే దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గులో జరిగిన ఫైనలులో వొకవైపు మా వూరి రాయల్ ఛాలెంజర్స్, రెండోవైపు హైదరాబాదు వారి డెక్కన్ ఛార్జర్స్. ఆరు పరుగుల తేడాతో హైదరాబాదు గెలిచింది. మా నాయనగారు, “మనవాళ్ళు గెలిచారురా!” అన్నారు. మా తమ్ముడు, “మనవాళ్ళు వోడిపోయారు నాన్నా” అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ యెడమొహం పెడమొహంగానే మజ్జిగన్నం తిని లేచారు. 2016లో మళ్ళీ అదే గ్రహచారం. ఫైనలు మా చిన్నస్వామి స్టేడియంలోనే జరిగింది. ఈ మాటు హైదరాబాదు సన్‌రైజర్స్ యెనిమిది పరుగులతో గెలిచారు. అప్పటికి పదేళ్ళవాడైన మా చిన్నవాడు యేడ్చి యేడ్చి, యెర్ర చొక్కా విప్పకుండానే నిద్రపోయాడు. నడుమ 2011లో చెన్నై చేతిలో వోటమి వున్నది గాని, దానివల్ల ఇంట్లో తగాదా రాలేదు. ఆనాడు అందరమూ కలిసే విచారించాము.

మా వూరి అభిమానుల నినాదం పాఠకులలో చాలామంది వినే వుంటారు. “ఈ సలా కప్ నమ్దే” అంటారు. ఈసారి కప్పు మాదే అని వొకరు, మనదే అని వొకరు తెలుగు చెబుతారు. కన్నడంలో “నమ్దు” అంటే రెండింటికీ సరిపోతుంది. తెలుగులో అట్లా కుదరదు. యెదుటివాణ్ణి కలుపుకుంటే మనది. వాణ్ణి బయట వుంచితే మాది. నోరు తెరిచిన ప్రతిసారీ మన భాష, “వీడు లోపలివాడా, బయటివాడా?” అని నిలవేసి అడుగుతుంది. ఈ సంగతి మా చిన్నవాడితో అంటే, “మాదే నాన్నా. అందరిదీ అయితే ఇక గెలవడమెందుకు?” అన్నాడు. మాకు అప్పుడు జవాబు తోచలేదు.

ఇక 2025 పద్దులోకి వద్దాము.

యేప్రిల్ 2వ తేదీన చిన్నస్వామిలో బెంగళూరుకూ గుజరాతుకూ ఆట. గుజరాతు పక్షాన బంతి పట్టినవాడు మహమ్మద్ సిరాజ్. హైదరాబాదులో ఆటో నడిపిన తండ్రికి కొడుకు. 2018 నుంచి 2024 దాకా యేడు పోటీలలో బెంగళూరు చొక్కా తొడిగినవాడు. మా ఇంట్లో రెండు పక్షాలవారికీ నచ్చిన మనిషి అతనొక్కడే. అటువంటివాడు ఇప్పుడు పొరుగు జట్టువాడై వచ్చి, 19 పరుగులకే మూడు వికెట్లు తీసి బెంగళూరును వోడించాడు. చిన్నవాడు పళ్ళు కొరుకుతుంటే మా అమ్మ, “మనం నీళ్ళు పోసిన చెట్టే గదరా, పండు పక్కింట్లో రాలితే మాత్రమేం?” అన్నది.

మే 23వ తేదీన బెంగళూరూ హైదరాబాదూ మా వూళ్ళోనే ఆడవలసింది. వానల మూలాన ఆటను లక్నోకు మార్చారు. ముందంచెకు పోయే ఆశ అప్పటికే పోగొట్టుకున్న హైదరాబాదు, బెంగళూరును 42 పరుగులతో వోడించింది. మేము లోలోపల కొంచెం సంతోషించిన మాట దాచడమెందుకు?

జూన్ 3వ తేదీ రాత్రి అహమదాబాదులో ఫైనలు. బెంగళూరు 190 పరుగులు చేసింది. పంజాబు 184 దగ్గర ఆగిపోయింది. 2009లో పోయిన ఆరు పరుగులే పదహారేళ్ళకు తిరిగి వచ్చినట్లున్నది! అది పద్దెనిమిదో పోటీ. మొదటి యేటి నుంచీ వొక్క జట్టునే అంటిపెట్టుకున్న కోహ్లీ, 18 అంకె చొక్కావాడు, ఆట ముగియకముందే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మా వీధంతా టపాకాయల పొగ. మా నాయనగారు లేరు గాని, వుంటే ఆ రాత్రి “మనవాళ్ళు” అని బెంగళూరునే అనేవారని మా నమ్మకం.

మరునాడు జూన్ 4. జట్టు వూరికి వచ్చింది. చూడడానికి చిన్నస్వామి చుట్టూ యిసుక వేస్తే రాలనంత జనం చేరారు. ఆ తొక్కిసలాటలో పదకొండుమంది చనిపోయారు. యెందరో గాయపడ్డారు. పోయినవారిలో యెక్కువమంది పడుచువాళ్ళు. సంతోషపడడానికి ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు.

మా చిన్నవాడు ఆనాడు కాలేజీకని చెప్పి వెళ్ళాడు. సాయంత్రం టీవీలో వార్త వచ్చింది. ఫోను చేస్తే కలవలేదు. స్నేహితుల ఇళ్ళకు చేశాము, యెవరికీ తెలియదు. మా అమ్మ దేవుడి గది గడప దగ్గర కూర్చుని, పిలిచినా పలకలేదు. తొమ్మిది దాటిన తరువాత గేటు చప్పుడైంది. వొంటిమీద యెర్ర చొక్కా వున్నది. కాళ్ళకు చెప్పులు లేవు. యెవరమూ యేమీ అడగలేదు. మా అమ్మ వేణ్ణీళ్ళు తోడింది. చారన్నం కలిపి చేతిలో పెట్టింది. నాలుగు ముద్దలు తిన్నాక వాడే చెప్పాడు. “నా ముందు వొక అమ్మాయి పడిపోయింది నాన్నా. లేపుదామని వంగాను. వెనకనుంచి తోశారు. తరువాత యెవరో నా చొక్కా పట్టుకుని గోడవైపు లాగారు. ఆమె లేచిందో లేదో చూడలేదు.”

తరువాత వాడు ఆ చొక్కా తొడగలేదు. మడిచి బీరువాలో అడుగున పెట్టాడు. ఆటలు చూడడమూ మానేశాడు. మాకూ మనసు విరిగింది. యెక్కడో యెవరో బంతి విసిరితే, మన ఇళ్ళలో దీపాలు ఆరిపోవడమేమిటి? ఈ వ్యసనానికి ఇంతటితో నమస్కారం పెడదామనిపించింది.

పెట్టనివ్వనివాడు మళ్ళీ ఆ సిరాజే. ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడాడు. జులైలో లార్డ్స్ మైదానంలో చివరి జోడీలో జడేజాకు తోడుగా నిలిచాడు. అడ్డుపెట్టిన బంతి నెమ్మదిగా వెనక్కి దొర్లి వికెట్టుకు తగిలింది. 22 పరుగులతో మనం వోడిపోయాము. ఆగస్టు 3న ఓవల్ మైదానంలో బ్రూక్ కొట్టిన బంతిని పట్టుకున్నాడు; పట్టుకుని వెనక్కి వేసిన అడుగు సరిహద్దు తాడు మీద పడింది. అప్పటికి 19 పరుగులతో వున్న బ్రూక్ 111 దాకా వెళ్ళాడు. ఆట చేజారినట్లే అనుకున్నాము.

ఆగస్టు 4న ఇంగ్లండుకు కావలసినవి 35 పరుగులు. మనకు కావలసినవి నాలుగు వికెట్లు. మేము టీవీ ముందు కూర్చున్నాము. కాసేపటికి చిన్నవాడు వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. భుజానికి దెబ్బతగిలిన వోక్స్ వొక చెయ్యి కట్టుకుని, రెండో చేత్తో బ్యాటు పట్టుకుని వచ్చాడు. మా అమ్మ, “ఆ అబ్బాయికి నొప్పిరా, మెల్లిగా వెయ్యమనండి” అన్నది. చివరి వికెట్టు సిరాజే తీశాడు. గెలుపు ఆరు పరుగులు. ఆ ఆరు అంకె మమ్మల్ని వదిలేటట్లు లేదు! సిరీసు 2–2తో సమం. అందులో అతని వికెట్లు 23. చిన్నవాడు చాలాసేపు మాట్లాడలేదు. “నిన్న తాడు తొక్కినవాడికే ఇవాళ బంతి ఇచ్చారు గదా” అని మాత్రం అన్నాడు. ఆ మాట యెక్కడినుంచి వచ్చిందో మాకు తెలుసు. మేమేమీ అనకుండా పక్కకు జరిగి చోటిచ్చాము. వచ్చి కూర్చున్నాడు.

చదరంగం పద్దు వేరే వున్నది. జులై 28న జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్పు ఫైనలు ముగిసింది. ఆడినవారిద్దరూ మనవాళ్ళే. 38 యేళ్ళ కోనేరు హంపిని 19 యేళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ వోడించింది. దివ్య నాగపూరు పిల్ల. మా అమ్మకు హంపి వోడినందుకు దిగులు. అప్పుడు మేము ఆవిడకు సి.కె. నాయుడు గారి సంగతి గుర్తుచేశాము. ఆయన 1895లో అదే నాగపూరులో, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇందూరు హోల్కర్ జట్టుకు ఆడారు. 1932లో లార్డ్స్‌లో భారతదేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు నాయకుడయ్యారు. నాగపూరువారు మావాడన్నారు, ఇందూరువారు మావాడన్నారు, తెలుగువాళ్ళము మేమూ అన్నాము. అన్నవారిలో యెవరూ అబద్ధమాడలేదు.

చెన్నైలోని తెలుగు కుటుంబపు బిడ్డ గుకేశ్ సంగతీ అంతే. 2024 డిసెంబరులో పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయిన పిల్లవాణ్ణి తమిళులు వదులుకుంటారా, మనం వదులుకుంటామా? 2025 జూన్ 1న నార్వేలో కార్ల్‌సన్ అంతటివాణ్ణి వోడించాడు. ఆ తరువాత కొన్ని పోటీలలో వరసగా దెబ్బలు తిన్నాడు. గెలిచినప్పుడు మనవాడని, వోడినప్పుడు ఆ వూరివాడని అనకుండా వుంటే, అదే మనం అతనికి చేయగల సాయం.

బ్యాడ్మింటనులో ఆగస్టు నెలలో పారిస్ ప్రపంచ పోటీలలో కంచు పతకం తెచ్చిన జోడీని చూడండి. సాత్విక్‌ది అమలాపురం, యానాం పాఠకులకు పొరుగూరివాడు. చిరాగ్ శెట్టిది ముంబై. అక్కడి మన పాఠకులకు వూరివాడు. ఈ పతకాన్ని యెవరికని కోసి పంచుతారు?

ఇక చివరి జమ. మహిళల క్రికెట్టు ప్రపంచ కప్పులో మా వూరికి కేటాయించిన ఆటలు జూన్ విషాదం తరువాత వేరే చోట్లకు మారిపోయినవి. నవంబరు 2న ఫైనలు నవీ ముంబైలో జరిగింది. పక్కింటి కన్నడంవారు కూడా మా హాలులోనే చేరారు. భారత జట్టు 298 పరుగులు చేసి, దక్షిణాఫ్రికాను 246కు పడగొట్టి, 52 పరుగులతో మొదటిసారి ఆ కప్పు గెలిచింది. షెఫాలీ 87 పరుగులు, దీప్తి శర్మ అయిదు వికెట్లు అందరికీ గుర్తుంటాయి. మాకు గుర్తుండేది మరొకటి. కడప జిల్లా యెడమచేతి స్పిన్నరు శ్రీచరణి, ఆ యేడే జట్టులోకి వచ్చి, ఆ పోటీలో 14 వికెట్లు తీసిన పిల్ల, బంతి వెయ్యడానికి వచ్చింది. పక్కింటి అజ్జి కళ్ళద్దాలు సర్దుకుంటూ, “యారప్పా ఆ హుడుగి?” అని అడిగింది.

“నమ్ హుడుగి, అజ్జీ” అన్నాడు మా చిన్నవాడు.

ఆ “నమ్”కు తెలుగు యేమిటని ఈసారి మేము అడగలేదు.

ఇదీ మా 2025 లెక్క. కప్పులు జమలో వున్నవి. ఆ పదకొండుమందిని మాత్రం యే వరుసలో రాయాలో మాకు తెలియలేదు. ఆ పుట అట్లాగే ఖాళీగా వదిలిపెట్టాము. యెర్ర చొక్కా ఇంకా బీరువాలోనే వున్నది. తొడుక్కోమని మేము అనము, పారవెయ్యమనీ అనము.

పాఠకులకు వొక్క మనవి. మన పిల్లలకు ఆటల మీద ప్రేమ వుంటే వుండనివ్వండి. మైదానానికి వెళ్తామంటే కోప్పడకండి. అబద్ధం చెప్పి వెళ్ళవలసిన అవసరం వాళ్ళకు రానివ్వకండి. వీలుంటే మీరూ వెంట వెళ్ళండి. గుంపు దట్టమైనచోట గెలుపు కేక కన్నా ముందు పక్కవాడికి చోటివ్వడం నేర్పండి.